లాక్‌డౌన్‌లో అమ్మ క్యాన్సర్ ఆపరేషన్ వాయిదా వేశారు. అది తప్పేనా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: 2020 మార్చి మొదట్లో మీ అమ్మగారికి రొమ్ము క్యాన్సర్ అని తేలింది. ఏప్రిల్ మొదటి వారంలో ఆపరేషన్‌కి డేట్ ఇచ్చారు. ఈలోగా లాక్‌డౌన్ వచ్చింది. ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి, ఇప్పుడు రావద్దు, లెట్రోజోల్ మాత్ర రోజుకొకటి వేసుకోండి, మేమే పిలుస్తాం అన్నారు. జూన్ ఆఖర్లో ఆపరేషన్ అయింది. 2023లో జబ్బు ఎముకలకు పాకింది. నిరుడు ఆవిడ పోయారు. ఆ పదకొండు పన్నెండు వారాలు ఆగకపోయి ఉంటే బతికేవారా, అసలు అలా ఆపే హక్కు వాళ్లకెవరిచ్చారు అని మీ ప్రశ్న.

నేను క్యాన్సర్ సర్జన్ని. కరోనా ఉన్న ఆ రెండేళ్లూ హైదరాబాద్‌లోనే పనిచేశాను. మీ అమ్మగారికి వచ్చినట్టు ఫోన్లు చేసి "ఇప్పుడు రావద్దమ్మా" అని చెప్పిన వాళ్లలో నేనూ ఉన్నాను. నేను చెప్పేది ఆ సంగతి గుర్తు పెట్టుకునే చదవండి.

మొదటి ప్రశ్న ముందు చూద్దాం. లెట్రోజోల్ ఇచ్చారంటే మీ అమ్మగారిది హార్మోన్ పాజిటివ్ రకం, అంటే ఒంట్లోని ఆడ హార్మోన్ల వల్ల పెరిగే రకం, అయి ఉండాలి. ఈ రకంలో, మెనోపాజ్ దాటిన ఆడవాళ్లకు, కరోనాకు ముందు కూడా కొందరికి నాలుగైదు నెలల పాటు ఈ మాత్ర ఇచ్చి గడ్డ తగ్గాక ఆపరేషన్ చేసేవాళ్లం. కాబట్టి ఆ పన్నెండు వారాలు మందు లేకుండా గడిచిన రోజులు కావు. పైగా ఈ రకానికి ఒక పాడు గుణం ఉంది. ఆపరేషన్ టైముకి జరిగినా, కీమో పూర్తయినా, అయిదేళ్లకో పదేళ్లకో మళ్లీ తలెత్తగలదు. మీ అమ్మగారి విషయంలో ఆలస్యమే కారణమని ఎవరైనా గట్టిగా చెబితే నమ్మకండి. కారణం కానే కాదని గట్టిగా చెప్పినా నమ్మకండి. ఒక మనిషి విషయంలో అది తేల్చే పరీక్ష లేదు.

అయితే ఫైల్‌లో బయాప్సీ రిపోర్ట్ తీయండి. అందులో ఈఆర్, పీఆర్, హెర్2 అని మూడు లైన్లు ఉంటాయి, అవి చూడండి. మొదటి రెండూ గడ్డకు హార్మోన్లతో సంబంధం ఉందో లేదో చెప్పేవి. ఆ రెండూ నెగటివ్ అని ఉంటే నా మాట మారుతుంది. అప్పుడు ఆ మాత్ర పనిచేయదు, ఆ మూడు నెలలూ నిజంగానే వైద్యం లేకుండా పోయినట్టు.

ఆలస్యం గురించి అందరికీ వర్తించే లెక్క ఒకటుంది. 2020 నవంబర్‌లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన పెద్ద విశ్లేషణ ప్రకారం, ఆపరేషన్ నాలుగు వారాలు ఆలస్యమైతే చావు ప్రమాదం 6 నుంచి 8 శాతం పెరుగుతుంది. దీన్ని చాలామంది తప్పుగా చదువుతారు. వందలో ఎనిమిది మంది అదనంగా పోతారని కాదు. వందలో పది మంది పోయే చోట ఆ పది పదిన్నర దాటుతుందని. ఒక్క ఇంట్లో ఈ తేడా కనబడదు, వెయ్యి ఇళ్లలో చూస్తే కనబడుతుంది. మా కష్టం కూడా అక్కడే వచ్చింది. మేం చూసేది ఎదురుగా ఉన్న ఒక్క మనిషిని. ఆసుపత్రి కమిటీ చూసేది వెయ్యి మందిని. మార్చి నెలలో ఈ లెక్క కూడా మా చేతిలో లేదు.

అప్పుడు చేతిలో ఏముందో చెబుతాను, ఆశ్చర్యపోతారు. చైనా నుంచి ఫిబ్రవరిలో లాన్సెట్ ఆంకాలజీ అనే క్యాన్సర్ వైద్య పత్రికలో ఒక రిపోర్టు వచ్చింది. 1,590 మంది కరోనా పేషెంట్లలో 18 మందికి క్యాన్సర్ చరిత్ర ఉంది. ఆ 18 మందిలో ఏడుగురికి, అంటే 39 శాతం మందికి, జబ్బు తీవ్రమైంది. మిగతావాళ్లలో అది 8 శాతమే. ఈ 39, 8 అనే రెండు అంకెలు ప్రపంచమంతా తిరిగాయి. మా వాట్సాప్ గ్రూపుల్లో రోజుకు పదిసార్లు వచ్చేవి. కీమో ఆపండి, ఆపరేషన్లు ఆపండి అన్న సలహాలకు అదే పునాది. కానీ ఆ పద్దెనిమిది మందిలో చాలామంది ఎప్పుడో వైద్యం పూర్తయి చెకప్‌లకు మాత్రమే వస్తున్నవాళ్లు. నెలలోపు కీమోగానీ ఆపరేషన్ గానీ అయినవాళ్లు నలుగురే. పద్దెనిమిది మందిని చూసి లక్షల మందికి దారి చెప్పాల్సి వచ్చింది. అలా చెప్పినందుకు నేను ఎవరినీ తప్పు పట్టను. అసలు దారుణం, అది పద్దెనిమిది మంది లెక్కే అని పేషెంట్లకు మేం చెప్పకపోవడం. "పరిశోధనల్లో తేలింది" అన్నాం.

మే నెలాఖరుకి బ్రిటన్ నుంచి 800 మంది క్యాన్సర్ పేషెంట్ల లెక్క వచ్చింది. కరోనా వచ్చినవాళ్లలో, అంతకు ముందు నాలుగు వారాల్లో కీమో తీసుకున్నందువల్ల చావులు పెరగలేదని, వయసు, బీపీ, గుండె జబ్బుల్లాంటివే ఎక్కువ ప్రభావం చూపాయని అందులో తేలింది. అప్పటికి రెండు నెలలు అయిపోయాయి.

ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్లు మాత్రం తలుపులు మూయలేదు. మార్చి 23 నుంచి ఏప్రిల్ 30 లోపు 494 పెద్ద క్యాన్సర్ ఆపరేషన్లు చేశారు. ఆపరేషన్ తర్వాత ఒక్కరు కూడా చనిపోలేదు. ఆ పరిశోధన పేపర్ వచ్చిన రోజు మా ట్యూమర్ బోర్డు, అంటే క్యాన్సర్ డాక్టర్లందరం కలిసి కేసులు చర్చించే, మీటింగ్‌లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒకాయన "వాళ్లకు అంత స్టాఫ్ ఉంది" అన్నారు. నిజమే. కానీ అది మొత్తం నిజం కాదని అక్కడున్న అందరికీ తెలుసు.

మరి ఎవరిని ఆపాలో, ఎవరిని రమ్మనాలో ఎలా తేల్చాం? రెండు చివర్లూ సులువే. అక్యూట్ ల్యుకేమియా, అంటే వేగంగా ముదిరే రక్త క్యాన్సర్, వచ్చిన కుర్రాడు వారం ఆగినా పోవచ్చు, వెంటనే రావాలి. థైరాయిడ్‌లో నెమ్మదిగా పెరిగే మామూలు పాపిలరీ రకం గడ్డ మూడు నెలలు ఆగినా ఏమీ కాదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి ఆగవచ్చు. రొమ్ముకి కరెంటు పెట్టించుకునే వాళ్లకు, అంటే రేడియేషన్ వాళ్లకు, మూడు వారాల 15 సిట్టింగుల బదులు వారంలో అయిదే చాలన్న బ్రిటన్ ట్రయల్ ఫలితం సరిగ్గా ఆ ఏప్రిల్‌లోనే వచ్చింది, అది కొంత ఆదుకుంది.

చిక్కంతా మధ్యలోనే. మన దగ్గర ఎక్కువగా కనిపించే నోటి క్యాన్సరే తీసుకోండి. గుట్కా వల్ల నోరు తెరుచుకోని మనిషి. నెల ఆగితే దవడ ఎముకకు పాకవచ్చు. ఆపరేషన్ చేయాలంటే గొంతులో గొట్టం వేయాలి, గంటల తరబడి ఆ నోటి మీదే వంగి ఉండాలి. అందరికంటే ఎక్కువ వైరస్ పీల్చేది మత్తు డాక్టరూ, సర్జనూ. మా మత్తు డాక్టరమ్మకి ఇంట్లో రెండేళ్ల పాప, డయాలసిస్ మీదున్న మామగారు. "మీ లెక్కలో నా ఇల్లు ఎక్కడుంది సార్?" అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు. ఆమె భయం పిరికితనం కాదు. చివరికి ఆమే వచ్చింది, పీపీఈ వేసుకుని ఆరు గంటలు నిలబడింది. కానీ ఒప్పుకోకపోయినా నేను ఆమెను తప్పుగా అనుకునేవాణ్ణి కాదు.

ఇంకో సంగతి చెప్పాలి, దీని గురించి ఎవరూ రాయరు. మాకు కొన్నాళ్లు హోటల్ గదులు ఇచ్చారు. వార్డు బాయ్‌లకూ, ఆయాలకూ ఇవ్వలేదు. కాంట్రాక్టు మనుషులు. డ్యూటీ దిగి ఒక్క గది ఇళ్లకు వెళ్లేవాళ్లు. మత్తు డాక్టరమ్మని అడిగినట్టు వాళ్లను ఎవరూ "నువ్వు సిద్ధమేనా" అని కూడా అడగలేదు.

కమిటీలు రాసుకున్న వరసలు కాగితం మీద బాగానే ఉండేవి. అసలు నిర్ణయాలు చాలావరకు గేటు దగ్గర జరిగిపోయేవి, టెంపరేచర్ గన్ పట్టుకున్న సెక్యూరిటీ అతని చేతిలో. కీమో ఎక్కిన వారం పది రోజులకు తెల్లకణాలు పడిపోతాయి. అప్పుడు జ్వరం వస్తే అది ఎమర్జెన్సీ, గంటలోపు యాంటిబయాటిక్ ఎక్కించాలి. కరోనా రోజుల్లో జ్వరం అంటే బయట టెంటులో కూర్చోబెట్టి శాంపిల్ తీసి రిజల్ట్ కోసం ఆగమనడం. లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్ వచ్చిన మా కుర్రాడొకడు, పందొమ్మిదేళ్లవాడు, అలా ఏడు గంటలు కూర్చున్నాడు. వాళ్ల నాన్న గేటు దగ్గర ఫైల్ చూపిస్తూనే ఉన్నాడట. లోపలికి తెచ్చేసరికి బీపీ పడిపోయింది. ఐసీయూలో పది రోజులుండి బతికాడు. ఆ మర్నాడే కీమో పేషెంట్లందరికీ ఎర్ర కార్డు ఒకటి ఇచ్చాం, "జ్వరమైనా సరే వెంటనే లోపలికి పంపాలి" అని తెలుగులో, ఉర్దూలో, హిందీలో రాసి. సెక్యూరిటీ వాళ్లను కూర్చోబెట్టి ఎందుకో చెప్పాం. అరగంట పని. కానీ మూడు వారాలు ఎవరికీ తట్టలేదు, నాతో సహా.

టెస్టుల గోల వేరే. ప్రతి కీమో సైకిల్‌కి ముందు ఆర్‌టీపీసీఆర్ అన్నాం. జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ల్యాబుల్లో రేటు 2,200గా పెట్టింది. మూడు వారాలకొకసారి పేషెంటుకు 2,200, తోడు వచ్చిన మనిషికి ఇంకో 2,200 ఎక్కడి నుంచి తెస్తారు? కొందరికి జబ్బు తగ్గినా వారాల తరబడి పాజిటివ్ వస్తూనే ఉండేది, చచ్చిన వైరస్ ముక్కలు దొరికినా టెస్టు పట్టుకుంటుంది కాబట్టి. ఆ పాజిటివ్ కాగితం చూసి కీమో ఆపిన రోజులున్నాయి.

అందరికంటే ఎక్కువ నష్టపోయింది మాత్రం నాలుగో స్టేజ్ వాళ్లు. "ఎలాగూ నయం కాదు కదా" అన్న మాట మీటింగుల్లో చాలాసార్లు విన్నాను. నేనూ అన్నాను. నయం చేయగలిగిన వాళ్లకు ముందు చోటివ్వాలన్న నియమం అప్పుడు సరైనదే అనిపించింది, ఇప్పుడూ కొంతవరకు అదే అనుకుంటాను. కానీ నయం కాని మనిషికి నొప్పి ఆగదు కదా. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, టెలీమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. వీడియోలో చూసి మందు రాయవచ్చన్నారు, మంచిదే. కానీ మత్తుమందుల చట్టం కిందకు వచ్చేవి అలా రాయకూడదు. మార్ఫిన్ ఆ చట్టం కిందదే. అంటే బీపీ మాత్ర ఫోన్లో దొరుకుతుంది, ఎముక క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ మాత్రం ఎవరో ఒకరు వచ్చి తీసుకుపోవాలి. నల్లగొండ జిల్లా నుంచి ఒకబ్బాయి తండ్రి డిశ్చార్జ్ కాగితం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని బైకు మీద వచ్చాడు. దారిలో మూడు చోట్ల ఆపారట. నెలకు సరిపడా రాసిచ్చాను. వెళ్లేటప్పుడు "ఇంకోసారి రావాల్సిన అవసరం ఉంటుందా సార్" అని అడిగాడు. మందు సరిపోతుందా అని అడుగుతున్నాడనుకుని సరిపోతుందన్నాను. అతను అడిగింది వేరే అని ఇంటికెళ్లాక అర్థమైంది.

నిజం చెప్పడం దగ్గర మాత్రం ఎవరూ అనుకోని మార్పు వచ్చింది. మన దగ్గర ఆనవాయితీ మీకు తెలుసు. కొడుకు బయట గదిలో పట్టుకుని "అమ్మకు క్యాన్సర్ అని చెప్పొద్దు డాక్టర్ గారూ, గడ్డ అనే చెప్పండి" అంటాడు. మేమూ సరేనంటాం. కరోనాలో తోడెవర్నీ వార్డులోకి రానివ్వలేదు. పెద్దావిడ ఒక్కతే మంచం మీద. సంతకం కావాలి. కొడుకు ఫోన్లో. ఒకసారి మా జూనియర్ ఫోన్ స్పీకర్లో పెట్టి మాట్లాడుతుంటే కొడుకు అటునుంచి "క్యాన్సర్ ఎంతవరకు పాకింది" అనేశాడు. ఆవిడ విన్నది. జూనియర్ బిక్కచచ్చిపోయాడు. ఆవిడ మాత్రం "నాకు తెలుసు నాయనా, వాడికే తెలియదనుకున్నా" అంది. అప్పటి నుంచి తోడు లేని పేషెంటును నేనే సూటిగా అడగడం మొదలుపెట్టాను, మీకు ఎంతవరకు తెలుసుకోవాలని ఉందని. నూటికి తొంభై మంది చెప్పమనే అన్నారు అని రాయబోయి ఆగాను, నేను లెక్క పెట్టలేదు. చాలామంది అన్నారు.

2021 రెండో వేవ్ గురించి తొందరగా చెప్పేస్తాను, అది మీ ప్రశ్నకు దూరం. ఆక్సిజన్ బెడ్ కోసం ఫోన్ చేస్తే, ఆరేళ్ల క్రితం పూర్తిగా నయమైన మనిషిని కూడా ఫైల్‌లో "క్యాన్సర్" అన్న మాట చూసి వరసలో వెనక్కి నెట్టారు. మే నెలలో ఆంధ్రా నుంచి వచ్చే అంబులెన్సుల్ని తెలంగాణ సరిహద్దులో ఆపారు, బెడ్ ఖాయమైనట్టు ముందే అనుమతి ఉండాలన్నారు. హైకోర్టు ఆ ఉత్తర్వు మీద స్టే ఇచ్చాక గానీ దారి తెరుచుకోలేదు. టీకా విషయంలోనూ అంతే. మార్చి 1 నుంచి 45 దాటిన క్యాన్సర్ పేషెంట్లకు ఇచ్చారు. ముప్పై ఏళ్ల ల్యుకేమియా పేషెంటు మే దాకా ఆగాల్సి వచ్చింది, సెకండ్ వేవ్ అప్పటికే నెత్తి మీద ఉంది.

ఇక మీ రెండో ప్రశ్న, హక్కు ఎవరిచ్చారని. ఎవరూ ఇవ్వలేదు. మేమే తీసుకున్నాం. మా కమిటీలో సూపరింటెండెంట్, సర్జన్లు, మత్తు డాక్టర్లు, మైక్రోబయాలజీ వాళ్లు ఉన్నారు. పేషెంట్ల తరఫున ఒక్క మనిషి లేడు. ఉంటే బాగుండేదని నాకు తట్టిందే ఏడాది తర్వాత.

నా నోటు పుస్తకంలో అప్పుడు నలభై దాకా పేర్లున్నాయి, వాయిదా వేసినవాళ్లవి. పేరు, ఊరు, గడ్డ ఎక్కడ, ఫోన్ నంబరు. అందరికీ "మేమే పిలుస్తాం" అన్నాను. జూన్‌లో ఆపరేషన్ థియేటర్ మళ్లీ పూర్తిగా తెరిచాక ఫోన్లు మొదలుపెడితే కొన్ని నంబర్లు స్విచాఫ్. ఒకటి ఆవిడ కొడుకుది, పని పోయి ఊరు మారాడు, సిమ్ మార్చాడు. ఆవిడ అక్టోబర్‌లో తనంతట తనే వచ్చింది. మార్చిలో కదులుతున్న గడ్డ అప్పటికి ఛాతీకి అతుక్కుపోయింది. "మీరు పిలుస్తారని చూశాను సార్" అంది. కోపంగా కాదు. ఏప్రిల్‌లో ఒకసారి, మే నెలలో ఒకసారి నేను ఆ నంబరుకి ఫోన్ చేసి ఉంటే, సిమ్ మారిన సంగతి అప్పుడే తెలిసేది. ఊళ్లో ఆశా వర్కర్ ద్వారా కబురు పంపేవాళ్లం. కీమో రాస్తే ఎంత డోసు, మళ్లీ ఎప్పుడు రావాలి, ఏ లక్షణం కనిపిస్తే ముందే రావాలి అని రాసిస్తాం. ఆగమని చెప్పినప్పుడు అవేవీ రాయలేదు, ఉత్తి ఫోన్ మాటే. ఆమెను ఆపినందుకు కంటే, ఆపి వదిలేసినందుకు నన్ను నేను ఎక్కువ తప్పు పట్టుకుంటాను.

మీ అమ్మగారి విషయంలో కూడా నేను చూసేది అదే. వాయిదా ఎందుకో ఫైల్‌లో ఎవరైనా రాశారా? మాత్ర వేసుకుంటుండగా నెలకోసారైనా ఫోన్ చేసి గడ్డ సైజు అడిగారా? పెరిగితే వెంటనే రమ్మని చెప్పారా? మళ్లీ ఫలానా రోజున చూస్తాం అని ఒక తేదీ ఇచ్చారా? ఇవి జరిగి ఉంటే వాళ్లు ఆవిడకు వైద్యం చేస్తున్నట్టే, ఫలితం మన చేతిలో లేకపోయినా. ఇవేవీ లేకుండా మీరే పదిసార్లు ఫోన్ చేస్తే జూన్‌లో డేట్ ఇచ్చి ఉంటే మీ కోపంలో న్యాయం ఉంది. అప్పుడు కూడా ప్రాణం పోవడానికి అదే కారణమని నేను చెప్పలేను. ఆ రెండూ వేరు వేరు సంగతులు.

దేశమంతా కలిపి చూసిన లెక్క ఒకటి చెబుతాను. 41 క్యాన్సర్ సెంటర్ల వివరాలు 2021లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చాయి. 2019 మార్చి నుంచి మే వరకు కొత్తగా పేరు రాయించుకున్నవాళ్లు 1,12,270 మంది. 2020లో అవే మూడు నెలల్లో 51,760. పెద్ద ఆపరేషన్లు సగానికి పడిపోయాయి. రాకుండా పోయిన ఆ అరవై వేల మంది మా నోటు పుస్తకాల్లో కూడా లేరు. గడ్డ చేతికి తగిలినా రైళ్లు లేక, పోలీసుల భయంతో, ఆసుపత్రికి పోతే కరోనా అంటుకుంటుందని ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు. ఆ భయం సగం మేం పెట్టిందే.

ఒక మాట అడగాలి. "అప్పుడు నేను గట్టిగా పట్టుబట్టి వేరే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సింది" అని మీరు చివర్లో రాశారు. ఏప్రిల్ 2020లో ఎక్కడికి తీసుకెళ్లేవారు? బస్సుల్లేవు, పాసు కావాలి. గాంధీ ఆసుపత్రి మొత్తం కరోనాకే ఇచ్చేశారు. మిగతా చోట్ల కూడా మాలాంటి వాళ్లే ఇలాగే ఫోన్లు చేస్తున్నారు. ఆ లెక్క మీరు మోయాల్సింది కాదు.

ఫైల్ కాపీ అడిగే హక్కు మీకు ఉంది, మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో దరఖాస్తు ఇవ్వండి, రికార్డు ఇంకా ఉంటే కాపీ ఇస్తారు. అందులో మార్చి బయాప్సీ రిపోర్టు, మార్చి స్కాన్ రిపోర్టు, జూన్ ఆపరేషన్‌లో తీసిన గడ్డను పరీక్షించి ఇచ్చిన పాథాలజీ రిపోర్టు పక్కపక్కన పెట్టుకోండి. మార్చి స్కాన్‌లో గడ్డ ఎన్ని సెంటీమీటర్లు, జూన్‌లో తీసినప్పుడు ఎన్ని, చంకలో ఎన్ని గ్రంథులకు పాకింది, ఈ మూడూ చూడండి. మాత్ర మీద గడ్డ తగ్గి ఉంటే ఆగినందుకు పెద్ద నష్టం జరగలేదని కొంత ధైర్యంగా చెప్పవచ్చు. పెరిగి ఉంటే అదీ దాచకుండా చెబుతాను. పేరు, ఐడీ నంబరు చెరిపేసి ఆ మూడు కాగితాలు పంపండి, ఆదివారం కూర్చుని చూస్తాను.